సబ్బు పెట్టకూడని గిన్నె

"సబ్బా? మోకాకా?" అంటూ మా షిఫ్టు పెద్దాయన దాన్ని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. ఉత్తర ఇటలీలో ఓర్తా సరస్సు ఒడ్డునున్న ఒమేన్యాలో, స్టీలు గిన్నెలకు పిడులు బిగించే చిన్న వర్క్‌షాపులో నా ఉద్యోగం. అందరం కాఫీ కాచుకునే మోకా అనే పాత్ర లోపల నల్లగా పేరుకుంటే తోమాను, అంతే. ఆ మరకలోనే రుచి ఉందని, ఉత్త నీళ్ళతో తొలిచి ఆరబెట్టాలని క్లాసు పీకాడు.

నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. చింతపండు వేసి తళతళలాడేదాకా తోమిన గిన్నెనే అమ్మ పొయ్యి ఎక్కించేది. కానీ ఈ ఊళ్ళో మోకా గురించి వాదించి గెలవలేం. అల్ఫోన్సో బియాలెత్తి 1933లో దాన్ని తయారుచేసింది ఇక్కడి క్రుసినాల్లో అనే పేటలోనే. ప్రపంచమంతా అమ్మిన ఆయన కొడుకు రెనాతో 2016లో పోతే, చితాభస్మాన్ని పెద్ద మోకాలో పెట్టి చర్చికి తెచ్చారు. లగోస్తినా కుక్కర్లు, అలెస్సీ సామాను కూడా ఈ ఊరివే. పాత ఇనుప ఫ్యాక్టరీ స్థలంలో వీటికో మ్యూజియం కూడా ఉంది. అంట్ల గిన్నెలకు మ్యూజియమా అని మొదట్లో నవ్వొచ్చింది కానీ, ఊరు బతికిందే వాటి మీద.

నన్ను వదలని సంగతి వేరే ఉంది. గిన్నెకు సబ్బు తగలనివ్వని ఈ మనుషులు సరస్సును మాత్రం కడిగారు!

1926లో దక్షిణపు ఒడ్డున గొజ్జానోలో కృత్రిమ పట్టు ఫ్యాక్టరీ పెట్టారు. అది వదిలిన రాగి, అమ్మోనియం లవణాలతో నీళ్ళు విషమై, ఆమ్లమై, చేపలు మాయమయ్యాయి. పెద్దాయన చిన్నప్పుడు నీళ్ళు అద్దంలా ఉండేవట, లోపల ప్రాణి లేక. ఆ ఆమ్లాన్ని విరిచేందుకు 1989, 90లలో పడవల మీంచి దాదాపు 10,900 టన్నుల సున్నపురాయి పొడి చల్లారు. తర్వాత చేపలు తిరిగొచ్చాయి.

ఇది విన్నప్పుడల్లా నాకు ఉడుకుమోత్తనం. మాది పటాన్‌చెరు వైపు. ఫ్యాక్టరీలు వదిలిన వ్యర్థాలతో కాజీపల్లి చెరువు, నక్కవాగు ఏమయ్యాయో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. 'మీకూ అరవై ఏళ్ళకు పైనే పట్టింది కదా' అని పెద్దాయనతో అన్నాను. అవునన్నాడు, ఏమీ అనుకోకుండా. ఆ మాటకు ఆయన పోట్లాడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆదివారం ఫోన్లో నాన్నకు ఈ సున్నం కథంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు: "ముందు ఇడిసిపెట్టుడు బంద్ చేసిన్రా, సున్నం పోసినంక చేసిన్రా?"

ముందే, 80ల మొదట్లోనే అమ్మోనియా తగ్గించారని చెప్పాను.

"అయితే మనకాడ ఇంక మొదటిదే కాలే," అని ఫోన్ అమ్మకిచ్చాడు.