పోరుమామిళ్ల చెరువులో గాలం

సెలవులకు పిల్లలను ఊరికి తీసుకెళ్లే ప్రవాస కుటుంబాలకు ఒక మాట గట్టిగా చెబుతాను: ఊరు చూపించి ఊరుకోకండి, ఊళ్లో ఒక పని నేర్పించండి. గండికోట, ఒంటిమిట్ట మేమూ చూపించాం. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు, బాగుందన్నారు, కారెక్కారు. అతిథులుగా ఉన్నంతకాలం వాళ్లకు ఎవరూ పని చెప్పరు, తప్పు చేసినా మందలించరు. మందలింపు లేనిచోట చుట్టరికం బలపడదని నా నమ్మకం.

కడప జిల్లా పోరుమామిళ్ల మా అమ్మ పుట్టిల్లు. జూన్‌లో మేముండే అమెరికాలోని మిన్నెసోటాలో బడులకు సెలవులు ఇచ్చేసరికి అక్కడ ఎండలు ఇంకా తగ్గవు, చెరువు నీళ్లు చాలా వెనక్కి పోయి ఉంటాయి. అయినా పిల్లలకు గాలం వేయడం నేర్పమని మేనమామను అడిగాను, వాళ్లతోపాటు నాకూ. చిన్నప్పుడు మా అన్నలను చెరువుకు వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆడపిల్లనని నన్ను కట్ట దాటనిచ్చేవారు కాదు.

మామ మమ్మల్ని ముందు చెరువుకు తీసుకెళ్లలేదు, మత్స్యకారుల సంఘం పెద్ద ఇంటికి తీసుకెళ్లాడు. మా వైపు చాలా చెరువుల్లో చేపల హక్కు సంఘానిదే. వానలు పడి నీళ్లు చేరాక చేపపిల్లలను కొని వదిలేదీ వాళ్లే, వలలు వేసి బతికేదీ వాళ్లే. మా అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడి, తన తెలుగులో తానే అనుమతి అడిగాడు. వలలు ఉన్న వైపు రావద్దని ఆయన చెప్పాడు. మిన్నెసోటాలో చేపలు పట్టాలంటే 16 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు ఉండాలని వాడికి తెలుసు. ఇక్కడ కూడా అడగవలసినవాళ్లు ఉంటారని ఆ రోజు తెలిసింది. సొంత ఊరంటే ఎవరి ఇష్టం వాళ్లది అనుకుని పిల్లలు పెరగడం నాకు ఇష్టం లేదు.

వెదురు కర్ర, నైలాను దారం, చిన్న కొక్కి, జొన్నదంటు బెండు. ఎరకు బావి గట్టున తడిమట్టి తవ్వి తీసిన వానపాములు. అమ్మాయి మొదట ముట్టుకోనంది, మామ బతిమాలలేదు. గోధుమపిండి ముద్ద కలిపి ఇచ్చాడు, పరిగెలు దానికీ వస్తాయి. బెండు కదిలినప్పుడల్లా అబ్బాయి కర్ర ఎత్తేస్తుంటే మాత్రం గట్టిగా కసిరాడు: “ముట్టగానే లాగితే ఎరా పోతుంది, చేపా పోతుంది. బెండు మునగనీ నాయనా!” అంత గొంతుతో వాడిని అమెరికాలో ఏ టీచరూ మందలించలేదు. వాడి ముఖం ఎర్రబడింది. మరి కాసేపటికి బెండు మునిగేదాకా ఆగడం వచ్చింది. నాకు వాడికంటే ఆలస్యంగా వచ్చింది. జెల్ల పడితే వీపు మీదా పక్క రెక్కల్లోనూ ఉండే ముళ్లు గుచ్చుకోకుండా ఎలా పట్టుకోవాలో మామ నా చేతిని తన చేత్తో పట్టుకుని చూపించాడు.

ఎండ ముదిరితే చేపలు లోతుకు దిగుతాయి. అప్పుడు కట్ట మీద చెట్టు నీడలో కూర్చుని చెరువు సంగతులు చెప్పుకునేవాళ్లం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో కట్టించిన చెరువిది. రోజూ వెయ్యి మంది పనిచేశారని, రాళ్లు మోయడానికి వంద బండ్లు తిరిగాయని, పని రెండేళ్లు సాగిందని శాసనంలో ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను కూడా అందులో చెక్కించారు. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఆ దోషాల్లో ఒకటి. అది విని అబ్బాయి, “మేమూ అలాగే ఉన్నాం కదా అమ్మా” అన్నాడు. హద్దు మీద చెరువు ఉంటే నీళ్లు ఎవరివన్న తగాదా వస్తుంది, అందుకే దోషమన్నారు. నిన్ను పంచుకోమని ఎవరూ అడగడం లేదు, రెండు చోట్లా నువ్వు పూర్తిగా ఉండవచ్చు అన్నాను. వాడు తల ఊపాడు గాని ఒప్పుకున్నట్టు లేదు. పదిహేనేళ్ల పిల్లాడికి ఆ ప్రశ్న ఒక్క జవాబుతో తీరదు.

అసలు వాదన చేప పడ్డాక వచ్చింది. అమెరికాలో స్నేహితులతో సన్‌ఫిష్ అనే చిన్న మంచినీటి చేపలు పట్టి, కొలిచి, తిరిగి వదిలేయడం వాడికి అలవాటు. ఇక్కడా వదిలేద్దామన్నాడు. “తినని చేపకు గాలం ఎందుకు గుచ్చాలి నాయనా?” అని మామ అడిగాడు. వదిలితే అది పెరుగుతుంది, ఇంకొకరికి దొరుకుతుంది అన్నాడు అబ్బాయి. ఇద్దరి మాటలోనూ దయ ఉంది. నేను తీర్పు చెప్పలేదు. ఆ మర్నాడే ఒడ్డు దగ్గర నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు కనిపించింది, కొర్రమీను పిల్లలు. వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయని, పిల్లలు విడిపోయేదాకా ఆ చుట్టుపక్కల గాలం వేయకూడదని మామ కర్రలు సర్దించి అవతలికి నడిపించాడు. తాతకూ వదిలే నియమం ఉందని అబ్బాయి చెల్లెలితో అనడం విన్నాను. ఆ రాత్రి సంగటిలోకి పరిగెల పులుసు మారు అడిగి తిన్నాడు.

ఈ వసంతంలో వాడికి 16 నిండుతాయి. ఇద్దరం కలిసి లైసెన్సులు తీసుకుంటున్నాం. ఆ సంగతి ఫోనులో చెబితే, మీ చెరువులో ఎర ఎంత లోతున వేస్తారు, సన్‌ఫిష్ దేనికి వస్తుంది అని మామ వివరంగా అడిగాడు. ఫోను అమ్మాయి లాక్కుంది. “వానపాములే తాతా, నేనే తవ్వుతాను” అంది.