వక్క, ఖర్రా, నా ఎడమ బుగ్గ

మా ఇంట్లో ఖర్రా తినేది మా ఆయన. కేన్సర్ వచ్చింది నాకు.

మహారాష్ట్రలోని మా సిరోంచ చుట్టుపక్కల ఖర్రా తెలియనివాళ్లు ఉండరు. దూరం వాళ్ల కోసం చెబుతున్నాను. వక్క ముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి, బాగా నలిపి బుగ్గన పెట్టుకుంటారు. మహారాష్ట్రలో గుట్కాని 2012లోనే నిషేధించారు కానీ పాన్ ఠేలాల్లో ఖర్రాకి లోటు లేదు. నేను మాత్రం పొగాకు ముట్టినదాన్ని కాదు. అన్నం తిన్నాక ఉత్త వక్క, అంతే. పొగాకు లేకపోయినా వక్క కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 20 ఏళ్ల కిందటే తేల్చిందట. ఈ ముక్క నాకు నాగపూర్‌లో డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు.

మొదట ఎడమ బుగ్గ లోపల తెల్ల మచ్చ, కారం తగిలితే మంట. తర్వాత పుండు. నోరు కూడా బిగుసుకుపోతూ వచ్చింది. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టాలి, నాకు రెండే పట్టేవి. ఊళ్లో చూపించుకున్న డాక్టరు "పన్ను గీసుకుంటోంది" అని బి-కాంప్లెక్స్, పూతమందు రాశాడు. మళ్లీ వెళితే మళ్లీ అవే. ఒక్కసారి కూడా టార్చి వేసి చూడలేదు. నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఇది ఆయనకి తెలియదంటే నేను నమ్మను. ఇప్పటికీ బజార్లో కనబడితే "బాగున్నారా అమ్మా" అంటాడు. నేను మొహం తిప్పుకుంటాను.

ముక్క తీస్తే రోగం పాకుతుందని ఇరుగుపొరుగు భయపెట్టారు. అదంతా ఉత్త మాట. ముక్క తీశాకే కేన్సర్ అని తేలింది.

గోదావరి వంతెన దాటితే తెలంగాణ. మా రేషన్ కార్డు మహారాష్ట్రది కాబట్టి ఆరోగ్యశ్రీ రాదు. మహాత్మా జ్యోతిరావ్ ఫులే యోజన అనే మహారాష్ట్ర ఆరోగ్య పథకం కింద నాగపూర్‌లో ఆపరేషన్ చేశారు. బుగ్గలో కొంత, దవడ ఎముక ముక్క, మెడలో గడ్డలు తీసేసి, తొడ కండతో పూడ్చారు. ఊపిరి కోసం గొంతుకి గొట్టం పెట్టారు.

ఆ మొదటి రాత్రి మాత్రం మరచిపోలేను. గొట్టంలో కఫం అడ్డుపడింది. ఊపిరి అందడం లేదు, గొంతు పెగలదు. పలక మీద "ఊపిరాడట్లేదు" అని రాశాను. నా పుట్టిల్లు చెన్నూరు, చదివింది తెలుగు. నాకొచ్చిన మరాఠీ నోటితో మాట్లాడేంతే, రాయడం రాదు. నర్సు పలక చూసి, అటూ ఇటూ తిప్పి, మా అమ్మాయిని పిలిపించింది. అదేమో సిరోంచలో మరాఠీ మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవలేదు! "ఏం రాసినవమ్మా, ఏం రాసినవ్" అని ఏడుపు. చివరికి నర్సు చెయ్యి పట్టి లాగి గొట్టం మీద పెట్టాను. అప్పుడు మిషన్ పెట్టి కఫం లాగేసింది. ఆ నర్సు పిల్ల మళ్లీ తెల్లారేదాకా నా మంచం వదల్లేదు. పేరు అడగలేకపోయాను, ఆమె చల్లగా ఉండాలి. పొద్దున మా అమ్మాయి అట్ట మీద కఫం, నొప్పి, నీళ్లు, మూత్రం అని మరాఠీలో రాసి బొమ్మలు కూడా వేసింది. అక్కడి నుంచి వేలితో చూపిస్తే సరిపోయేది. ఇలాంటి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ఆ అట్ట ముందే రాసిపెట్టుకోండి.

తర్వాత రేడియేషన్, వారానికి 5 రోజులు, 6 వారాలు. నోరంతా పూసి గంజి కూడా మింగుడు పడలేదు. చూడటానికొచ్చిన మా ఆడబిడ్డ "ఖర్రా తినే ఆడదానికి ఇంకేం వస్తది" అంది. నోరు పనిచేసి ఉంటే ఆ రోజే జవాబు చెప్పేదాన్ని. ఆమె తమ్ముడు, అదే మా ఆయన, ఆ నిమిషాన ఆస్పత్రి గేటు బయట ఖర్రా నలుపుతున్నాడు.

అలాగని ఆయన్ని తిట్టబుద్ధి కాదు. నా చీము తుడిచింది, ముక్కు గొట్టంలో పాలు పోసింది ఆయనే. కాళేశ్వరం ముక్తీశ్వరస్వామికి మొక్కుకున్నదీ ఆయనే, మొన్న ఇద్దరం వెళ్లి తీర్చుకున్నాం. ఖర్రా మానమంటే మాత్రం "చూద్దాంలే" అంటాడు. ఆయన నోట్లోనూ ఓ తెల్ల మచ్చ ఉంది, నేను చూశాను. వచ్చే నెల నా చెకప్ రోజునే ఆయన పేరు కూడా రాయించాను. ఇంకా చెప్పలేదు.