లేక్ ట్రావిస్ అడుగున, బల్లెంతో

మా బావమరిది ఫోన్ చేసి, "బావా, శనివారం చేపలకి వెళ్దాం, గాలం మాత్రం తేకు" అంటే వల వేస్తాడేమో అనుకున్నాను. ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి, బల్లెంతో కొట్టడమని వాడు చెప్పలేదు. చెప్పి ఉంటే డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్లేవాణ్ణి కాదేమో.

నేను పుట్టింది కైకలూరు దగ్గర. వల, గాలం, మావు అన్నీ కొల్లేట్లో చూసినవాణ్ణని నాకో ధీమా. అయితే కొల్లేటి నీళ్లెప్పుడూ టీ రంగే, మోకాలి లోతులో మన పాదం మనకి కనపడదు. అక్కడ చేపని చూడటమంటే పైకి లాగాక చూడటమే.

లేక్ ట్రావిస్ వేరు. టెక్సస్‌లో ఆస్టిన్ ఊరవతల, కొలరాడో నదికి మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ కట్టగా నిలిచిన నీళ్లు. (గ్రాండ్ కాన్యన్‌ని తొలిచిన కొలరాడో ఇది కాదు. నేనూ మొదట అదే అనుకుని నవ్వులపాలయ్యాను.) కిందంతా సున్నపురాయి, అందుకే నీళ్లు తేటగా ఉంటాయి. నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 681 అడుగులు. 1951 కరువులో 614 దాకా దిగిపోయింది. నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఒడ్డున పొదలు మొలుస్తాయి, మళ్లీ నిండినప్పుడు అవే మునిగిపోతాయి. చిన్న చేపలన్నీ ఆ మునిగిన కొమ్మల్లోనే కాపురం. మేం దిగిందీ అలాంటి చోటే.

దారిలో లైసెన్సు తీసుకుంటుంటే వాడు నియమాలు అప్పజెప్పాడు. టెక్సస్‌లో గేమ్ ఫిష్ (సరదా వేటకని ప్రభుత్వం విడిగా పెట్టిన చేపలు) జాబితాలో ఉన్న చేపని బల్లెంతో కొట్టకూడదు. బాస్, క్యాట్‌ఫిష్, క్రాపీ అన్నీ ఆ జాబితాలోవే. బ్లూగిల్, రెడియర్ లాంటి సన్‌ఫిష్‌లు అందులో లేవు, వాటిని కొట్టొచ్చు. పెనంలో సరిపోయేంత సైజు కాబట్టి వీటన్నిటినీ కలిపి పాన్‌ఫిష్ అంటారు. క్రాపీ కూడా పాన్‌ఫిషే, కానీ దాన్ని ముట్టుకోకూడదు. అంటే బల్లెం వదిలేలోపు అదేం చేపో తేల్చుకోవాలి. గాలానికి ఆ బాధ లేదు, తప్పు చేప పడితే నీళ్లలో వదిలేయొచ్చు.

మా బల్లెం పేరు పోల్ స్పియర్, అంటే ఆరడుగుల కర్ర. ఒక చివర మూడు ముళ్లు, రెండో చివర రబ్బరు ఉచ్చు. ఉచ్చుని బొటనవేలి సందులో తగిలించి, చేతిని కర్ర మీద ముందుకి జరుపుతూ రబ్బరు సాగదీసి, గట్టిగా పట్టుకోవాలి. పిడికిలి వదిలితే కర్ర దూసుకుపోతుంది. ఒడ్డున రెండుసార్లు చేసి చూసి, ఇంతేగా అనుకున్నాను.

నీళ్లలో మొదటి పావుగంట, లోతుకి పోటెత్తే చెవులతోనే సరిపోయింది. నాలుగు మునకలకి ఒకసారి ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదడం కుదిరింది. ఎరుపు మీద ఏటవాలుగా తెల్లచార ఉన్న జెండా కట్టిన గాలి బంతి మా పక్కనే తేలుతోంది, పడవలవాళ్లు చూసి దూరంగా పోవడానికి. ఒకరు దిగితే రెండోవాళ్లు పైనే ఉండి చూడాలి, ఈ విషయంలో వాడు వాళ్ల నాన్న కంటే స్ట్రిక్టు. నేను గబగబా పది ఊపిర్లు పీల్చి దిగబోతుంటే భుజం పట్టి ఆపేశాడు. "అలా పీలిస్తే ఊపిరాడట్లేదని ఒంటికే తెలీదు బావా, చెప్పకుండా స్పృహ పోతుంది."

ఇక బ్లూగిల్ సంగతి. అరచేయంత చేప, పచ్చగా, ఛాతీ దగ్గర నారింజ రంగు, చెవి ఉండాల్సిన చోట నల్లటి రేకు. మనిషిని చూసి పారిపోతుందనుకున్నాను. ఎదురొచ్చింది! కొమ్మ పక్క నుంచి ఒకటి, దాని వెనక ఇంకో నాలుగు వచ్చి, నా అద్దాలకి మూరెడు దూరంలో రెక్కలు ఆడిస్తూ నిలబడి, పెళ్లిచూపులకి వచ్చినట్టు పైనించి కిందదాకా చూశాయి. నా పుట్టుకలో ఏ చేపా నన్నలా చూడలేదు. వదిలాను. కర్ర దాని ముక్కు ముందు ఆగిపోయింది. అది జానెడు వెనక్కి జరిగి మళ్లీ చూసింది.

ఐదుసార్లు అంతే. పైకొచ్చాక వాడు నవ్వుతూ చెప్పాడు, "నీళ్లలో పదడుగుల్లో ఉన్నది ఏడున్నర అడుగుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది బావా, ఇంకా దగ్గరికెళ్లు." సైజూ అంతే, మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. అందుకే చేపల కబుర్లు చెప్పేవాళ్లని నేనిప్పుడు క్షమించేస్తున్నాను.

గులకరాళ్లలో పళ్లేల్లాంటి గుంటలు కనిపించిన చోట వాడు చెయ్యి అడ్డంపెట్టాడు. అవి గూళ్లు. ఒక్కో గుంటలో ఒక్కో మగ చేప, తోకతో నీళ్లు విసురుతూ గుడ్లకి కాపలా. అది కదలదు కాబట్టి కొట్టడం మహా తేలిక, అందుకే కొట్టడు. అది వాడి సొంత నియమం. అక్కణ్ణించి తిరుగుతుంటే ఒక బాస్, నా మోచేతి పొడుగుది, తాపీగా బల్లెం ముందు నుంచే వెళ్లింది. జాబితా సంగతి దానికి తెలుసేమో!

ఆరోసారి ముళ్లకీ చేపకీ మధ్య రెండడుగులు కూడా లేనంత దగ్గరికి వెళ్లి వదిలాను. టక్కుమని కర్ర చేతిలో వణికింది. ఆ కంగారులో రెండో చేత్తో రాయి పట్టుకున్నాను. రాయినిండా జీబ్రా మస్సెల్స్, గోరంత ఆల్చిప్పలు. 2017లో ఈ చెరువులో బయటపడ్డాయి, ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. వేలు బ్లేడుతో కోసినట్టు తెగింది. ఇవి ఇంకో చెరువుకి పాకకూడదని ఒడ్డుకొచ్చాక మాస్కులు, ఫిన్నులు అన్నీ కడిగి ఎండబెట్టాం.

మొత్తం ఏడు. పొలుసు తీసి, గాట్లు పెట్టి, అల్లంవెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయిస్తే కండ తియ్యగా ఉంది, ముళ్లు మాత్రం ఓపిగ్గా ఏరుకోవాలి. పళ్లెం ముందు పెడుతూ మా చెల్లెమ్మ, "ఇందులో మీరు కొట్టినవేవి అన్నయ్యగారూ?" అంది. నేను చెప్పేలోపే వాళ్ల పిల్లాడు కనిపెట్టేశాడు. ఐదింటికి మూడేసి చిల్లులు సరిగ్గా తల వెనకున్నాయి. మిగతా రెండింటికీ తోక దగ్గర.