తొమ్మిది గంటల విశ్రాంతి

మా నాన్న నరసరావుపేట డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఆయనకు నైట్ హాల్ట్ డ్యూటీ పడేది. చివరి ట్రిప్పు బస్సును ఏదో ఒక పల్లెలో రావిచెట్టు కింద నిలిపి, బస్సులోనో గుడి అరుగు మీదో పడుకొని, తెల్లవారుజామున పాలక్యాన్లతో, కాలేజీ పిల్లలతో మొదటి ట్రిప్పు పట్టుకొని వచ్చేవారు. అమెరికాలో చిన్న ఊళ్లకు చిన్న విమానాలు నడిపే ఒక కమ్యూటర్ ఎయిర్‌లైన్‌లో పైలట్‌గా చేరిన కొత్తలో, మొదటిసారి ఒక చిన్న ఊళ్లో రాత్రి ఆగవలసి వచ్చి ఆయనకు ఫోన్ చేశాను.

"నైట్ హాల్టా తల్లీ?" అన్నారు వెంటనే. తర్వాత, "రెస్టు ఎంతిస్తారు?" అని అడిగారు.

"తొమ్మిది గంటలు నాన్నా."

"మాకూ తొమ్మిదే కదమ్మా," అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, ఒక రోజు డ్యూటీకీ మరుసటి రోజు డ్యూటీకీ మధ్య కనీసం 9 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలన్నది. అమెరికాలో తొమ్మిది సీట్ల కమ్యూటర్ సర్వీసులకు వర్తించే పార్ట్ 135 అనే విమానయాన నిబంధనలు కూడా, రోజుకు 8 గంటల లోపు ఎగిరే పైలట్‌కు అవే 9 గంటలు ఇస్తాయి. కంపెనీకి అవసరమైతే వాటిని 8కి తగ్గించి, ఆ తర్వాతి విశ్రాంతిని 10 గంటలు చేయవచ్చు. పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్లకు మాత్రం 2014 జనవరి 4 నుంచి 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రకు వీలుగా ఉండాలన్న నియమం అమలులోకి వచ్చింది. వాళ్లు దిగే రన్‌వేల మీదే మేమూ దిగుతాము, వాళ్లు ఎదుర్కొనే మంచునే మేమూ ఎదుర్కొంటాము, అయినా ఆ పదో గంట మా దాకా రాలేదు.

నేను 2014లో హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద, మావారి వెంట, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కు వచ్చాను. 2015 మేలో హెచ్-4 వీసా ఉన్నవారిలో కొందరికి పని చేసుకునే అనుమతి, అంటే ఈఏడీ, ఇవ్వడం మొదలైంది. మా అపార్టుమెంట్లలోని స్నేహితురాళ్లు చాలామంది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుల్లో చేరారు. నేను చిన్నప్పటి కోరికను బయటికి తీసి, ఊరి చివరి ఫ్లయింగ్ స్కూలుకు వెళ్లాను. విదేశీయులు ఇక్కడ విమానం నడపడం నేర్చుకోవాలంటే ముందుగా అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏకు వేలిముద్రలు ఇచ్చి అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి కోసం, తర్వాత డబ్బు కోసం, తర్వాత బాబు పుట్టినందుకు, మధ్యమధ్య ఆగుతూ కమర్షియల్ లైసెన్సు చేతికి వచ్చేసరికి మూడేళ్లు దాటింది. మావారు కారు మార్చుకోవడం మానేసి ఆ డబ్బు నా శిక్షణకు కట్టారు. బాబును చూసుకోవడానికి అత్తయ్య ఆరేసి నెలలు వచ్చి ఉండేవారు. ఈ ఇద్దరూ లేకపోతే, ఎగిరిన గంటలు రాసుకునే నా లాగ్‌బుక్ తొలి పేజీల్లోనే ఆగిపోయేది.

ఈ వృత్తిలో అందరి చూపూ లాగ్‌బుక్ మీదే ఉంటుంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూవార్క్ నుంచి బఫెలో వెళుతున్న కోల్గన్ ఎయిర్ విమానం ఊరి దగ్గర ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలోని 49 మంది, ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. విచారణలో పైలట్ల నైపుణ్యంతో పాటు వాళ్ల అలసట, జీతాలు కూడా చర్చకు వచ్చాయి. ఆ కో-పైలట్ డ్యూటీకి రావడం కోసం ముందటి రాత్రంతా సియాటెల్ నుంచి విమానాలు మారుతూ ప్రయాణం చేసింది. అప్పట్లో, పెద్ద ఎయిర్‌లైన్ల తరఫున చిన్న విమానాలు నడిపే ఇలాంటి రీజినల్ ఎయిర్‌లైన్లలో కో-పైలట్ మొదటి ఏడాది జీతం 20 వేల డాలర్ల చుట్టుపక్కల ఉండేది. ఆ దుర్ఘటన తర్వాత 2010లో చేసిన చట్టం వల్ల, 2013 నుంచి ప్రయాణికుల ఎయిర్‌లైన్లలో కో-పైలట్ కావాలన్నా సాధారణంగా 1500 గంటలు ఎగిరి ఉండాలి. సైన్యం నుంచి వచ్చినవారికి, విమానయానంలో డిగ్రీ చదివినవారికి కొంత మినహాయింపు ఉంది. కమర్షియల్ లైసెన్సు 250 గంటలకే వస్తుంది కాబట్టి, మిగిలిన 1250 గంటలు ఎక్కడ సంపాదించుకోవాలన్నది ప్రతి కొత్త పైలట్‌కూ మొదటి ప్రశ్న. కొందరు శిక్షకులుగా పనిచేస్తారు. నేనూ ఏడాదిన్నర చేశాను. మరికొందరు మావంటి చిన్న కమ్యూటర్లలో చేరతారు, ఎందుకంటే తొమ్మిది సీట్ల విమానంలో కో-పైలట్‌గా కూర్చోవడానికి 1500 గంటలు అక్కర్లేదు. మాకు కావలసింది గంటలేనని కంపెనీలకు తెలుసు. జీతం మాట వచ్చినప్పుడల్లా మా నోరు పెగలకపోవడానికి అసలు కారణం అదే.

మాది సెస్నా కారవాన్ విమానం. ఒకే టర్బైన్ ఇంజను, తొమ్మిది మంది ప్రయాణికులు, లోపల గాలి ఒత్తిడిని పెంచే ఏర్పాటు లేదు కాబట్టి తక్కువ ఎత్తులోనే, మేఘాల మధ్యే ప్రయాణం. ఎయిర్‌హోస్టెస్ ఉండదు, సామాను ఎక్కించే మనిషి అన్ని ఊళ్లలోనూ ఉండడు. ప్రయాణికులను ఒక్కొక్కరినీ బరువు అడిగి, ఎవరిని ఏ సీట్లో కూర్చోబెట్టాలో లెక్క వేసి, తోక నేలకు తగలకుండా కింద స్టాండు పెట్టి, సంచులు సర్ది, తలుపు వేసి, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి భద్రతా సూచనలు చెప్పేది మేమే.

చలికాలంలో దీనికి ముందు ఇంకొక పని ఉంటుంది. తెల్లవారుజామున మైనస్ 20 డిగ్రీల చలిలో ఇంజను ముసుగు తీసి, హీటర్ తీగ విప్పి, నిచ్చెన వేసుకొని రెక్క మీదికి చేయి చాచాలి. టార్చి వెలుగులో రెక్క శుభ్రంగానే కనిపిస్తుంది. గ్లౌజు తీసి వట్టి అరచేతితో తడిమితేనే నిజం తెలుస్తుంది. నున్నగా జారితే సరే, ఉప్పు కాగితంలా గరగరలాడితే అది నూగుమంచు. ఆ పలచటి పొర చాలు, రెక్క ఎత్తే శక్తి పడిపోవడానికి. అప్పుడు నారింజ రంగు ద్రవాన్ని వేడి చేసి చల్లి, కరిగిందో లేదో మళ్లీ తడిమి చూడాలి. నా కుడి చేతి వేళ్ల చివర్లు డిసెంబరు నుంచి మార్చి దాకా పగిలే ఉంటాయి.

ఇదంతా జీతం మొదలు కాకముందు జరిగే పని. మా జీతం విమానం కదిలినప్పుడు మొదలై, గమ్యంలో ఆగినప్పుడు ముగుస్తుంది. నేను చేరినప్పుడు గంటకు 40 డాలర్లు, ఎగిరినా ఎగరకపోయినా నెలకు 70 గంటల హామీ. వినడానికి 40 డాలర్లు మంచి మొత్తమే. ఒక మామూలు రోజు లెక్క ఇది: ఉదయం 5:15కు సైన్-ఇన్, ఒక్కొక్కటి గంటా 18 నిమిషాల చొప్పున నాలుగు ట్రిప్పులు, సాయంత్రం 6:45కు విడుదల. డ్యూటీ పదమూడున్నర గంటలు, జీతం వచ్చేది 5 గంటల 12 నిమిషాలకు, అంటే 208 డాలర్లు. పంచుకుంటే గంటకు 15 డాలర్ల పైచిలుకు. ఈ లెక్కను నాన్నకు ఫోన్‌లో చెబితే ఆయన క్యాలెండరు కాగితం వెనక రాసుకొని, "వీళ్లు స్టీరింగ్ అవర్స్ మాత్రమే కడుతున్నారమ్మా, స్ప్రెడ్ ఓవర్ సంగతేమిటి?" అని అడిగారు. స్టీరింగ్ అవర్స్ అంటే బండి నడిపిన గంటలు, స్ప్రెడ్ ఓవర్ అంటే డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మొత్తం సమయం. డిపోలో యూనియన్ వాళ్లు ముప్పై ఏళ్లు మాట్లాడిన మాటలవి. విమానాన్ని క్షేమంగా ఉంచే పనిలో పెద్ద భాగం చక్రాలు కదలకముందే జరుగుతుంది కనుక, దానికి వెల కట్టకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆలస్యమైపోయిన ఉదయం, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు, రెండో రెక్కను కూడా తడిమి చూడడానికి మనిషిని నిలబెట్టేది ఇప్పుడు అతని మనస్సాక్షి ఒక్కటే.

విశ్రాంతి లెక్క కూడా ఇలాంటిదే. ఒక జనవరి రోజున పొగమంచు వల్ల ఆలస్యమై రాత్రి 8:15కు విడుదలయ్యాము. మరుసటి సైన్-ఇన్ మళ్లీ 5:15కే. కాగితం మీద సరిగ్గా 9 గంటలు. హోటల్ వ్యాన్ రావడానికి 40 నిమిషాలు, గదికి చేరడానికి మరో 20, ఊళ్లో హోటళ్లన్నీ మూసేశారు కాబట్టి వెంట తెచ్చుకున్న పులిహోర, స్నానం, ఇంటికి ఒక ఫోను. నిద్రపోయేసరికి పది దాటింది, అలారం నాలుగింటికి. ఆరు గంటల లోపు నిద్రతో ఆ ఉదయం తొమ్మిది మందిని ఎక్కించుకున్నాను. వారిలో కీమోథెరపీకి వెళుతున్న ఒక పెద్దావిడ ఉన్నారు. రోడ్డు మీద వెళితే ఆవిడకు ఐదు గంటల ప్రయాణం.

ఆవిడ లాంటివారి కోసమే 1978లో, విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణను ఎత్తివేసినప్పుడు, చిన్న ఊళ్లకు సర్వీసులు ఆగిపోకుండా సబ్సిడీ పథకం పెట్టారు. నష్టమొచ్చినా డిపోలు పల్లె బస్సు నడిపినట్టే ఇది కూడా. కానీ 2022 మార్చిలో స్కైవెస్ట్ సంస్థ పైలట్ల కొరత కారణంగా ఇలాంటి 29 ఊళ్ల నుంచి తప్పుకుంటామని నోటీసు ఇచ్చింది. అదే ఏడాది జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సొంత రీజినల్ సంస్థల్లో కొత్త కో-పైలట్ల జీతాన్ని గంటకు 90 డాలర్లకు పెంచింది. మా దగ్గర 1500 గంటలు నిండినవారు నిండినట్టే వెళ్లిపోయారు. నాకు 1500 నిండిన నెలలోనే ఈఏడీ రెన్యువల్ ఆగిపోయింది. కార్డు గడువు ముగిసేలోపు కొత్తది వస్తుందో లేదో తెలియనప్పుడు నన్ను శిక్షణ తరగతిలో కూర్చోబెట్టడానికి ఎయిర్‌లైన్లు ముందుకు రాలేదు. నాతో చేరిన ఇద్దరు కుర్రాళ్లు పెద్ద జెట్లకు వెళ్లిపోగా, నేను ఇక్కడే కెప్టెన్‌నై, వాళ్ల స్థానంలో వచ్చినవారికి రెక్క తడమడం నేర్పుతున్నాను. డ్యూటీ కోసం డాలస్ నుంచి సొంత సమయంలో, ఖాళీ సీటు దొరికితే దొరికినట్టు వస్తూ, ఆరు మంచాల అద్దె గదిలో పడుకున్నప్పుడల్లా సియాటెల్ నుంచి వచ్చిన ఆ కోల్గన్ కో-పైలట్ అమ్మాయి గుర్తుకు వస్తుంది.

కిందటి శీతాకాలం ముగిశాక మా పైలట్లంతా కలిసి కంపెనీకి ఒక కాగితం ఇచ్చాము. అందులో రెండే కోరికలు: జీతం సైన్-ఇన్ నుంచి లెక్క కట్టాలి, విశ్రాంతి 10 గంటలు ఉండాలి. మొదటిదానికి ఇంకా జవాబు రాలేదు. రెండోదానికి తొమ్మిదిన్నర గంటలకు ఒప్పుకుంటామని కబురు వచ్చింది. ఆ రాత్రి హోటల్ గదిలోంచి నాన్నకు ఫోన్ చేసి, ఒప్పుకోవాలో వద్దో తెలియడం లేదన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"అరగంట తక్కువేం కాదు తల్లీ, తీసుకోండి," అన్నారు. "ఆ మిగతా అరగంట సంగతి మళ్లీ ఏడాది అడగండి. ఇప్పుడు ఫోన్ పెట్టేసి పడుకో."