వరదగుడి

ఇల్లంతా పడుకుంది. నాకు మాత్రం సాయంత్రం నుంచి ఒక్క మాటే చెవిలో తిరుగుతోంది: "తెలుగులో వీటికి పేర్లేమీ లేవండీ."

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర మబ్బుల మీద బొమ్మల ప్రదర్శన పెట్టారంటే చిన్నదాన్ని తీసుకెళ్లాను. ఎందుకో చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచినప్పటి నుంచి నల్లమబ్బు కనిపిస్తే చాలు, అది కిటికీ రెక్కలు మూసేస్తుంది. దగ్గరగా చూస్తే భయం కొంతైనా తగ్గుతుందేమోనని నా ఆశ.

ప్రదర్శన బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. ఒక గోడకు ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ వేసిన మబ్బుల చిత్రాల నకళ్లు. 1821, 22లలో ఆయన లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో కూర్చుని ఆకాశాన్నే వరుసగా గీశాడు. చిత్రం వెనక తేదీ, వేళ, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసుకునేవాడు. మధ్యలో బల్ల మీద ఒక గాజు సీసా, అడుగున వేడినీళ్లు, మూత మీద మంచుముక్కలు. మొదట లోపల పెద్దగా ఏమీ కనిపించలేదు. అక్కడున్న అబ్బాయి అగ్గిపుల్ల వెలిగించి, ఆర్పి, ఆ పొగను లోపలికి వదిలి మూత పెట్టాడు. చూస్తుండగానే తెల్లటి పొర ఒకటి లేచి, మెల్లగా సుడి తిరిగింది. ఆవిరి నీటిబొట్టుగా మారడానికి పట్టుకుని కూర్చునేందుకు ఒక నలుసు కావాలి, పొగ ఆ నలుసులనిచ్చింది. చిన్నది సీసాకు ముక్కు ఆనించి, "మబ్బంటే ఇంతేనా" అంది. ఎంత హాయిగా అనిపించిందో.

ఆ హాయి పక్క గోడ దగ్గరికి వెళ్లేదాకానే. ఫొటోల కింద పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్. చందమామ చుట్టూ పెద్ద వలయం ఉన్న ఫొటో కింద "22 డిగ్రీల హాలో" అని ఉంది. "బాబూ, ఇది వరదగుడి కదా, ఆ పేరు కూడా రాయకపోయారా?" అన్నాను. అతను మర్యాదగానే చెప్పాడు ఆ మాట. లేవట! కారుమబ్బు, దూదిపింజ మబ్బు, ముసురు, ఇవన్నీ ఎవరి మాటలు? చూడడానికి వచ్చినవాళ్లలో సగం మంది కాలవగట్ల మీద, చేలగట్ల మీద పెరిగినవాళ్లు. వాళ్ల పిల్లలు ఆ గోడ ముందు నిలబడి, మబ్బులకు పేరు పెట్టడం ఎక్కడో దూరదేశంలోనే మొదలైందనుకుని ఇంటికి వెళతారు. ఆటోలో వస్తున్నంతసేపూ ఇదే అంటుంటే చిన్నది విసుగుపడింది.

నాయనమ్మ కల్లం గుర్తొచ్చింది. గుంటూరు అవతల మా ఊళ్లో మాఘం దాటితే ఏ కల్లం చూసినా ఎర్రగా మిరపకాయలే. తడిస్తే కాయ రంగు పోయి తాలు అవుతుంది, మిర్చి యార్డులో ధర సగానికి పడిపోతుంది. ఒక రాత్రి నాయనమ్మ అందరినీ తట్టి లేపింది. చందమామ చుట్టూ గుడి కట్టింది, చాలా పెద్దది. "దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన. లేవండి, కాయలు కుప్ప చేయండి." నాన్న గొణుగుతూనే లాంతరు పట్టుకున్నాడు. నేను చీపురుతో అంచులు ఊడ్చాను. ఘాటుకు కళ్లు మండి, తుమ్ములు ఆగలేదు. పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి కోడి కూసింది. మర్నాడు వాన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాన్న కోపంతో కుప్ప మళ్లీ ఎండకు పరుస్తుంటే నాయనమ్మ, "రానందుకు సంతోషించు" అని కవ్వం పట్టుకుని లోపలికి వెళ్లింది.

ఇది రాస్తుంటే నా కోపం నిలవడం లేదు. ఆ గోడ మీదే ల్యూక్ హోవర్డ్ గురించి చదివాను. మందులు తయారుచేసే మనిషి, 1802లో లండన్‌లో ఒక ఉపన్యాసంలో సిర్రస్, క్యుములస్ లాంటి ఈ పేర్లు చెప్పాడు. లాటిన్‌లో కావాలనే పెట్టాడట, ఏ దేశంవాళ్లైనా ఒకే మబ్బును ఒకే పేరుతో పిలవాలని. తన దేశంలోనే ఇంగ్లీషు పేర్లు పెడదామన్న మనిషి ఉన్నా ఆయన ఒప్పుకోలేదు. క్యుములస్ అంటే కుప్ప. నాయనమ్మ ఆ రాత్రి చేయమన్నదీ కుప్పే.

మరి వరదగుడి? చాలా ఎత్తున, పలచటి పొరమబ్బులోని మంచు పలుకుల గుండా వెన్నెల వంగితే ఆ పెద్ద వలయం వస్తుంది. చేయి చాచి జాన పెడితే, బొటనవేలు చంద్రుడి మీద ఉంటే చిటికెనవేలు దాదాపు వలయాన్ని తాకుతుంది. తరచుగా వానకు ముందు వచ్చే మబ్బే అది. చంద్రుణ్ణి అంటిపెట్టుకున్నట్టుండే చిన్న గుడి వేరు. అది సన్నటి నీటిబొట్లు చేసేది. ఈ రెంటినీ నాయనమ్మ ఏ అద్దమూ లేకుండా విడదీసి చూసింది. అయినా వాన రాలేదు కదా అని చిన్నది అడుగుతుంది, అడగాలి కూడా. గుడి కట్టిన ప్రతిసారీ వాన వచ్చి తీరాలని లేదనే చెబుతాను.

ఆ అబ్బాయి మీద కోపం తప్పేమో. ఇందాక తెల్లకాగితం మీద మబ్బుల పేర్లు రాయడం మొదలుపెడితే తొమ్మిది దగ్గర ఆగిపోయాను. పిన్నికి ఫోను చేస్తే మరో రెండు వస్తాయి. చిన్నదానికి ఇన్నాళ్లలో నేను వీటిలో ఒక్కటీ చెప్పలేదు. కిటికీ మూస్తుంటే "భయమెందుకు" అన్నానే తప్ప, వచ్చింది ఏ మబ్బో చెప్పలేదు.

ప్రదర్శన ఆదివారం దాకా ఉంటుందన్నారు. చిన్నదాని అక్షరాలు నా అక్షరాల కన్నా గుండ్రంగా ఉంటాయి. పొద్దున్నే స్కెచ్ పెన్నులు ఎండిపోయాయో లేదో చూడాలి.