నమ్మకంగా చేసినవారికి దొరికేది మరింత పనే

క్రైస్తవ కుటుంబాలలో పిల్లలకు ప్రార్థన నేర్పుతాం, వాక్యాలు కంఠస్థం చేయిస్తాం, ఆదివారం ఆరాధనకు వెంటబెట్టుకొని వెళ్తాం. పనిని గురించి మాత్రం ప్రత్యేకంగా ఏమీ చెప్పం; వయసు వస్తే అదే అలవడుతుందని ఊరుకుంటాం. నిజానికి ఊరుకోవడం కూడా కాదు, తెలియకుండానే ఒక తప్పుడు పాఠం చెబుతుంటాం. "ఇప్పుడు బుద్ధిగా చదువుకో, రేపు మాలాగా కష్టపడే పని ఉండదు" అని ప్రేమతోనే అంటాం. విన్న పిల్లలకు అర్థమయ్యేది వేరు. పని అంటే ఎలాగైనా తప్పించుకోవలసిన కీడు అనీ, దేవుని ఆశీర్వాదం అంటే ఆ కీడు నుండి విడుదల అనీ వారు గ్రహిస్తారు.

బైబిలు ఆ క్రమంలో చెప్పదు. ఆదికాండము 2వ అధ్యాయం 15వ వచనంలో దేవుడు మనుష్యుణ్ణి ఏదెను తోటలో ఉంచింది దానిని సేద్యపరచడానికి, కాయడానికి. అప్పటికి పాపం లేదు, శాపం లేదు, పని మాత్రం ఉంది. 3వ అధ్యాయంలో వచ్చినవి ముండ్లతుప్పలు, గచ్చపొదలు, ముఖాన కారే చెమట; అంటే పనిలోకి ప్రయాస వచ్చి చేరింది గాని పని అప్పుడు పుట్టలేదు. ఈ తేడా పెద్దలకే మరుగున పడిపోతుంది. ఉద్యోగం నుండి విసుగుతో ఇల్లు చేరి, ఆ విసుగునంతా భోజనాల దగ్గర వెళ్లబోసుకొనే తండ్రి ఎన్ని వాక్యాలు చదివి వినిపించినా, పిల్లలు నేర్చుకొనేది ఆ విసుగునే. అందుకని నేను పని గురించి ఫిర్యాదు చేయవలసి వస్తే, ఆ రోజు బాగా జరిగిన పని ఒకటి కూడా చెప్పాలని నియమం పెట్టుకున్నాను. కొన్ని రోజులు అది వెతికి పట్టుకోవలసి వస్తుందనుకోండి.

చేతిపనిని తక్కువగా చూడడమూ వాక్యానుసారం కాదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. కుమారునికి ధర్మశాస్త్రంతో పాటు ఒక వృత్తి నేర్పడం తండ్రి విధి అని యూదుల బోధల గ్రంథమైన తల్మూదులో ఉంది. నేర్పనివాడు కొడుక్కి దోపిడీ నేర్పినట్టేనని ఒక రబ్బీ అంత కటువుగానూ అన్నాడు. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు, ఎవరి పని వారు చేస్తూనే అందరూ యాజకులని సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు 1520లో వ్రాశాడు. ప్రభువే స్వయంగా వడ్రంగి. ఇవన్నీ మనకు తెలిసినవే, ప్రసంగాలలో విన్నవే. అయినా పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారని సంఘంలో ఎవరైనా అడిగితే మన నోట వచ్చే నాలుగైదు ఉద్యోగాల పేర్లలో ఇవేవీ ఉండవు.

ఇక ఆశీర్వాదం సంగతి. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడినవారు ఉద్యోగం వచ్చిందనీ, ఇల్లు కట్టుకున్నామనీ, వాహనం కొన్నామనీ దేవునికి స్తోత్రం చెల్లిస్తారు. చెల్లించవలసిందే. కాని ఇల్లు వచ్చింది గనుక ఇప్పుడు ఎవరికి ఆశ్రయం ఇవ్వాలి, జీతం పెరిగింది గనుక ఎవరి భారం పంచుకోవాలి అన్న మాట ఆ సాక్ష్యాలలో అరుదుగా వినిపిస్తుంది. ఎవనికి ఎక్కువ ఇయ్యబడెనో వానియొద్ద ఎక్కువ అడుగుతారని ప్రభువు లూకా సువార్త 12వ అధ్యాయంలో చెప్పాడు. ఆ లెక్కన ప్రతి ఆశీర్వాదంతో పాటు ఒక బాధ్యత ఇంట్లోకి అడుగుపెడుతుంది. దానిని గమనించక, వచ్చిన దానిని మాత్రమే లెక్కపెట్టుకొనే ఇంట్లో పెరిగిన బిడ్డ దేవుణ్ణి దాతగా ఎరుగును గాని యజమానిగా ఎరుగదు.

యెహోవా ఆశీర్వాదమే ఐశ్వర్యమిస్తుందని సామెతలు 10వ అధ్యాయం 22వ వచనం చెబుతుంది. కష్టపడడం విశ్వాసానికి లోటన్నట్టుగా ఈ వచనాన్ని వాడేవారున్నారు. వారు అదే అధ్యాయంలో 4వ వచనం కూడా చదవాలి. బద్ధకంగా పనిచేసేవాడు దరిద్రుడౌతాడు, శ్రద్ధగలవాడు ఐశ్వర్యవంతుడౌతాడు అని అక్కడ ఉంది. రెండూ ఒకే చోట ఉన్నాయంటే ఒకదాన్ని పట్టుకొని మరొకదాన్ని కొట్టివేయడానికి వీల్లేదు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం ఈ రెండింటినీ ముడివేస్తుంది. నా సామర్థ్యమే నాకు ఈ భాగ్యం తెచ్చిందని అనుకోవద్దనీ, భాగ్యం సంపాదించుకొనే ఆ సామర్థ్యాన్ని ఇచ్చినవాడు దేవుడేననీ అక్కడ మోషే హెచ్చరిస్తాడు. అంటే చేతులు కదపవలసింది మనమే, ఆ చేతులలోని బలం ఆయనది.

మా పెద్దమ్మాయికి నెలవారీ ఇంటి ఖర్చుల పుస్తకం అప్పగించినప్పుడు ఈ విషయం మా ఇంట్లో చర్చకు వచ్చింది. అంతకుముందు తనకున్న పని బీరువాలో రసీదులు తేదీల వారీగా సర్ది పెట్టడం ఒక్కటే; దానిని ఎవరూ గుర్తుచేయకుండానే చేసేది. పుస్తకం చేతికిచ్చి, ఎడమ పక్క రాబడి, కుడి పక్క ఖర్చు, అడుగున మిగులు ఎలా వ్రాయాలో చూపించాను. అంతా విని, "నాన్నా, రసీదులు సరిగ్గా పెట్టినందుకు నాకు ఇంకో పని ఇస్తున్నారు. తమ్ముడు చెప్పిన పనే చేయడు, వాడికి ఏ పనీ లేదు. ఇదేం న్యాయం?" అంది. మాట న్యాయంగానే ఉంది. కార్యాలయాలలో పనిచేసే పెద్దలు కూడా మనసులో వేసుకొనే ప్రశ్నే అది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం చదివాం. యజమాని ఒకనికి అయిదు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి ఇచ్చి ప్రయాణమై పోతాడు. ఒక తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు. మత్తయి 20వ అధ్యాయం ప్రకారం దేనారం ఒక రోజు కూలి. ఏటా మూడు వందల పనిదినాలు అనుకుంటే ఒక్క తలాంతే ఇరవై ఏండ్ల కూలి. కాబట్టి తనకిచ్చిన ఒక్క తలాంతును గుంట త్రవ్వి దాచిపెట్టిన మూడవ దాసునికి కూడా దక్కింది తక్కువేమీ కాదు. అసలు విషయం యజమాని తిరిగివచ్చాక ఉంది. అయిదింటిని పదిచేసిన దాసునికీ, రెండింటిని నాలుగు చేసిన దాసునికీ ఆయన చెప్పిన మాట ఒక్కటే: కొంచెములో నమ్మకముగా ఉంటివి, అనేకమైనవాటిమీద నిన్ను నియమించెదను. సెలవు తీసుకొమ్మనలేదు, ఇక విశ్రమించమనలేదు. లూకా 19వ అధ్యాయంలోని మినాల ఉపమానంలో ఇది మరీ స్పష్టం; మినా కూడా తలాంతులాగే డబ్బు కొలత. పది మినాలు సంపాదించినవానికి పది పట్టణాల మీద అధికారం, అయిదు సంపాదించినవానికి అయిదు పట్టణాల మీద అధికారం లభిస్తాయి. పట్టణాన్ని ఏలడం ఎంత పనో ఎవరైనా ఊహించుకోవచ్చు. దేవుని రాజ్యంలో మంచి పనికి ప్రతిఫలం మరింత పెద్ద పని. అయితే మత్తయిలో ఆ యజమాని మాట వెంటనే మరొక మాట ఉంది, నీ యజమానుని సంతోషములో పాలుపొందుము అని. పని పెరగడం ఆ సంతోషంలోకి దగ్గరగా పిలవడమే. మా అమ్మాయి ఆ వేళ పూర్తిగా ఒప్పుకుందని చెప్పను గాని, పుస్తకం మాత్రం తన బల్ల మీద పెట్టుకుంది.

బాధ్యత ఏ వయసులో ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు నాకు సమూయేలు బాల్యం చాలా నేర్పింది. బాలుడు షిలోహు మందిరంలో యాజకుడైన ఏలీ యెదుట పరిచర్య చేస్తుంటే, తల్లి హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చి ఇచ్చేది. నిరుటి అంగీ ఈ ఏడు సరిపోదు. వచ్చే ఏటికి సరిపోయేది ఇప్పుడే తొడిగితే కాళ్లకు అడ్డం పడుతుంది. పనీ అంతే. దేవుడు పేరుపెట్టి పిలిచిన రాత్రి గడిచి తెల్లవారగానే ఆ బాలుడు చేసింది మందిరపు తలుపులు తీయడం. అంత గొప్ప ప్రత్యక్షత తర్వాత కూడా అప్పగించిన చిన్న పని మానలేదు. అదే మందిరంలో ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులు. వారికి పదవి ఉంది, అధికారం ఉంది, అడిగేవారు లేరు. కుమారుల దోషం తెలిసి కూడా అడ్డగించలేదన్నదే ఏలీ మీద దేవుడు మోపిన నేరం. పని అప్పగించి లెక్క అడగని తల్లిదండ్రులు దయగలవారు కారు, ఏలీ వంటివారు.

మా ఇంట్లో పాటించేవి పెద్ద సూత్రాలేమీ కావు. పిల్లలు చేసిన పనిని వారి కళ్లెదుట మళ్లీ చేయం. దుప్పటి వంకరగా మడిచినా అలాగే ఉండనిస్తాం, మరుసటి రోజు పక్కన నిలబడి మడవడం చూపిస్తాం. తమ గది సర్దుకున్నందుకు డబ్బు ఇవ్వం, ఎందుకంటే అది వారి ఇల్లు. ఇంటి అవసరానికి మించి చేసిన పనికి ఇస్తాం. అలా ఇచ్చిన దానిలో దశమభాగం ముందు తీయడం, మరికొంత అవసరంలో ఉన్నవారి కోసం పెట్టడం నేర్పుతున్నాం. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయంలో పౌలు సంపాదనకు చెప్పిన కారణం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. అక్కరగలవానికి పంచిపెట్టడానికి వీలు కలగాలని కష్టపడి పనిచేయమంటాడు. దాచుకోవడానికి అనలేదు.

ఒక హద్దు మాత్రం మరువకూడదు. విశ్రాంతి దినపు ఆజ్ఞలో నీ కుమారుడైనను నీ కుమార్తెయైనను ఏ పనీ చేయకూడదని దేవుడు పేరుపేరునా చెప్పాడు. పిల్లల విశ్రాంతి తల్లిదండ్రుల దయ మీద వదిలిపెట్టలేదు. మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి అని కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో తండ్రులకే హెచ్చరిక ఉంది. ఇంకొకటి, చాలా ఇళ్లలో బాధ్యత పేరుతో భారమంతా ఆడపిల్లల మీదికి జారుతుంది. మగపిల్లవాడు తిన్న కంచం కూడా తీయడు. దావీదు యెష్షయి ఇంట కడసారివాడు, అయినా గొఱ్ఱెలు కాసింది అతడే. అక్కడ సింహాన్ని, ఎలుగుబంటిని ఎదిరించిన అనుభవమే గొల్యాతు ఎదుట అతనికి ధైర్యమిచ్చింది. మా అమ్మాయి అడిగిన న్యాయం ప్రశ్నలో తమ్ముడి సంగతి కూడా ఉంది గనుక, ఇప్పుడు కంచాలు, గిన్నెలు వాడి వంతు.

నాకు ఎక్కువ భయం కలిగించేది సోమరి బిడ్డ కాదు, లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానంలో ఇంట్లోనే ఉండిపోయిన పెద్ద కుమారుడు. అతడు తండ్రి ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, పొలం పని మానలేదు. అయినా ఇన్నేండ్ల నుండి నిన్ను సేవిస్తున్నానని తండ్రితో కూలివానిలా మాట్లాడాడు. నావన్నీ నీవే అని తండ్రి చెప్పవలసి వచ్చింది. బాధ్యతగల పిల్లలను పెంచబోయి అటువంటి కుమారుణ్ణి తయారుచేయడం ఏమంత కష్టం కాదు. అందుకే పనితో పాటు ఇంటి నిర్ణయాలలో వారి వంతు కూడా పెంచాలని నా భార్య, నేను అనుకున్నాం. ఖర్చుల పుస్తకం వ్రాసేవారికి ఆ పుస్తకం మీద మాట కూడా ఉండాలి. కిందటి నెల మిగులు చూసి, ఇంట్లోకి కొనదలచుకున్న వస్తువు ఒకటి వచ్చే నెలకు వాయిదా వేసి, ఆ డబ్బు సంఘంలో జబ్బుపడిన ఒకరి మందులకు ఇద్దామని మా అమ్మాయి ప్రతిపాదించింది. మేము ముగ్గురం కూర్చొని లెక్క మరోసారి చూసుకొని, ఒప్పుకున్నాం. ఆ డబ్బు తీసుకెళ్లి ఇచ్చే పని కూడా తనకే అప్పగించాం.