బొమ్మ ఎక్కడ పెట్టాలి, మాట ఏది వాడాలి

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక పని ఎలా చేయాలో ఇంకొకరికి రాసి పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ ఎక్కడ పెట్టాలి, ఏ మాట వాడాలి అన్నది చూసుకోవాలి. "పైన మూలన ఒక గుర్తుంటుంది, అది నొక్కండి" అంటే అవతలివాళ్లకి నాలుగు మూలలూ కనిపిస్తాయి.

ఫోన్‌లో వాడే గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు చేర్చడమే తీసుకోండి. ఏదైనా టైప్ చేసే చోట తాకితే కీబోర్డు వస్తుంది. దాని పైవరసలో పళ్లచక్రం గుర్తు ఉంటుంది, కొన్ని ఫోన్లలో నాలుగు గడుల గుర్తు నొక్కితే గానీ కనిపించదు. తర్వాత 'ల్యాంగ్వేజెస్', 'యాడ్ కీబోర్డ్', 'తెలుగు', చివర 'డన్'. ఇన్ని తెరలకీ స్క్రీన్‌షాట్లు అక్కర్లేదు. తప్పిపోయేది రెండు చోట్లే: పళ్లచక్రం దగ్గర, లేఅవుట్ ఎంచుకునే దగ్గర. మీటల మీద తెలుగు అక్షరాలుండేది ఒకటి, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే 'అమ్మ' అని వచ్చేది ఇంకొకటి. రెండోదానికి ఎర్రగడి గీసి చూపకపోతే "నాకు అలా రావట్లేదే" అని ఫోన్ రావడం ఖాయం.

విండోస్ కంప్యూటర్‌లో విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెరలో కావలసిన ముక్కే స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. మరీ బిగించి కత్తిరించకండి, అది ఏ పేజీయో తెలియాలి కదా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్ నంబరు దాచడానికి హైలైటర్ రుద్దితే సరిపోదు, బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు కనిపించొచ్చు. నిండు నల్లగడి పెట్టాల్సిందే. పైన నోటిఫికేషన్లు కూడా ఒకసారి చూసుకోండి, ఓటీపీ అక్కడే కూర్చుని ఉంటుంది.

ఇక మాటలు. తెరమీద ఏ పేరుంటే అదే రాయాలి. "యాప్ తీసేయండి" అంటే చాలామంది ఐకాన్‌ని నొక్కిపట్టి 'రిమూవ్' కొడతారు. దాంతో హోమ్ స్క్రీన్ మీది ఐకానే పోతుంది, యాప్ లోపలే ఉంటుంది. కావలసింది 'అన్‌ఇన్‌స్టాల్'. "గూగుల్ తెరవండి" అన్నా ఇదే గొడవ, క్రోమ్ బ్రౌజరా, గూగుల్ యాపా తేల్చి చెప్పాలి. విండోని కిటికీ అనడం వినసొంపే గానీ, కిటికీ కోసం తెరంతా వెతికినా దొరకదు. అవతలివాళ్ల ఫోన్ తెలుగులో ఉంటే మీదీ కాసేపు తెలుగులోకి మార్చి స్క్రీన్‌షాట్ తీయండి, పేర్లు కలుస్తాయి.

చాలా బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్ తీయనివ్వవు. రెండో ఫోన్‌తో ఫొటో తీస్తే బ్యాలెన్సు, ఖాతా నంబరు కూడా అందులో పడతాయి. అక్కడ మాత్రం ఒక్కో మెట్టూ ఒక్కో వరసలో, మాటల్లోనే రాసి పంపండి.